నడుముకు తుపాకీ: ఎక్కడ పెట్టుకుంటే సౌకర్యం, ఎలా పెట్టుకుంటే క్షేమం (తరచుగా అడిగే ప్రశ్నలు)

నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు చూసుకుని బాగుచేసేవాడిగా, పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు నల్లగొండలోనే. గన్ లైసెన్సు ఉన్నవాళ్లు మిర్యాలగూడ, సూర్యాపేట నుంచే కాదు, జడ్చర్ల, గద్వాల నుంచి కూడా వచ్చి సందేహాలు అడుగుతుంటారు. ఎలా కాల్చాలని అడిగేవాళ్లు తక్కువ, ఎక్కడ పెట్టుకోవాలని అడిగేవాళ్లే ఎక్కువ. పొద్దున పెట్టుకుంటే మధ్యాహ్నానికి నడుం ఒరుసుకుపోతోందని ఒకరు, కూర్చుంటే పొట్టలో గుచ్చుకుంటోందని ఇంకొకరు, బండి మీద జారిపోతోందని మరొకరు. వాళ్లకు నోటితో చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా లైసెన్సు ఉన్న రివాల్వర్, పిస్టల్ గురించే. లైసెన్సు లేని ఆయుధం దగ్గర దొరికితే 2 నుంచి 5 ఏళ్ల దాకా జైలు పడుతుంది. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఏమీ లేదు.

అన్నా, వివరాలు తర్వాత. ముందు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పు.

కుడిచేతి వాటం అయితే కుడి తుంటి ఎముకకు కొంచెం వెనకాల. ప్యాంటు లోపలి వైపు, గట్టి హోల్‌స్టర్‌లో (తుపాకీ పెట్టుకునే తొడుగులో), గట్టి బెల్టుకు. పైన చొక్కా ఇన్‌షర్ట్ చేయకుండా వదిలేయాలి. ఎడమచేతి వాటం వాళ్లకు ఇదే ఎడమ పక్కన. పదిమందిలో ఎనిమిది మందికి నేను ఇదే చెబుతాను. మిగతా ఇద్దరికి ఒళ్లో, పనిలో, బట్టలో ఏదో ఒక తేడా ఉంటుంది, వాళ్ల కోసమే కిందిదంతా.

సౌకర్యం అనేది సుఖానికి సంబంధించింది కదా, భద్రతతో దానికేం పని?

చాలా పని ఉంది. నా సర్వీసులో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం కాల్చేటప్పుడు జరగలేదు. సర్దుకునేటప్పుడు జరిగాయి. గుచ్చుకుంటున్న గన్ మీదకు చెయ్యి ఊరికే పోతూ ఉంటుంది. చొక్కా మీద నుంచి పైకి లాగుతారు, పక్కకు జరుపుతారు. కారెక్కగానే తీసి డాష్‌బోర్డులో పెడతారు, హోటల్లో తీసి టేబుల్ మీద రుమాలు కింద పెడతారు. చెయ్యి పడ్డ ప్రతిసారీ వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోయే అవకాశం ఉంటుంది. ఒంటి మీద నుంచి తీసిన ప్రతిసారీ మరిచిపోయే అవకాశం ఉంటుంది. పైగా నలుగురిలో మాటిమాటికి నడుం తడుముకునే మనిషి దగ్గర ఏముందో చిన్నపిల్లలు కూడా కనిపెడతారు.

అందుకే నేను ఒకటే పరీక్ష పెడతాను. పొద్దున పెట్టుకున్నది రాత్రి తీసేదాకా చెయ్యి దాని మీదకు పోకూడదు. అలా కుదిరిన చోటే మీ చోటు.

చొక్కా కింద కనపడకుండా పెట్టుకోవడం చట్టానికి విరుద్ధం కాదా?

కాదు. నిజానికి కనపడేలా పెట్టుకుంటేనే తప్పు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ ఒంటికి తగిలించిన హోల్‌స్టర్‌లో గానీ, అందుకు తగిన సంచిలో గానీ ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మోసే మనిషి అదుపులో ఉండాలి. బయటికి తీసి చూపించడం, ఊపడం నేరం. మన దగ్గర కొందరు పెద్దమనుషులు చొక్కా పైకెత్తి నడుముకున్న గన్ కనపడేలా కూర్చుంటారు, అదొక హోదా అనుకుంటారు. లైసెన్సు షరతు ఉల్లంఘించినట్టు తేలితే 6 నెలల దాకా జైలు పడొచ్చు, లైసెన్సు కూడా పోవచ్చు. ఇంకో సంగతి. మీ లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో పుస్తకంలో రాసి ఉంటుంది. బెంగళూరు రోడ్డు ఎక్కి రాయచూరు వైపో కర్నూలు వైపో పోయే ముందు ఆ లైను ఒకసారి చదవండి.

హోల్‌స్టర్ ఎందుకు, రొంట్లో దోపుకుంటే సరిపోదా? మా నాయన అట్లనే పెట్టుకునేవాడు.

రొంట్లో బీడీకట్ట, చిల్లర డబ్బులు దోపుకోవచ్చు. తుపాకీ వద్దు. లుంగీ, పంచె ముడి వదులవుతూ ఉంటుంది. తుపాకీ జారుతుంది, జారుతున్నదాన్ని ఒక్కసారిగా పట్టుకోబోతే వేలు పోయి పడేది ట్రిగ్గర్ మీదే. చొక్కా అంచు, మొలతాడు, తాళంచెవి, ఏదైనా ట్రిగ్గర్‌లో ఇరుక్కోవచ్చు. జారుతున్న తుపాకీని పట్టుకోవద్దు, పడనివ్వండి అని మాకు ట్రైనింగులో చెప్పేవాళ్లు. నేలమీద పడ్డదానికన్నా పట్టుకోబోయి పేల్చుకున్నది ఎక్కువ ప్రమాదం.

మంచి హోల్‌స్టర్‌లో మూడు సంగతులు చూడండి. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ మొత్తం గట్టి పదార్థంతో కప్పి ఉండాలి, బయటినుంచి గట్టిగా నొక్కినా లోపలి ట్రిగ్గర్‌కు తగలకూడదు. ఖాళీ గన్ పెట్టి తలకిందులు చేసి ఊపినా పడిపోకూడదు. గన్ బయటికి తీశాక కూడా హోల్‌స్టర్ నోరు తెరుచుకునే ఉండాలి, ముడుచుకోకూడదు. మెత్తటి గుడ్డ పౌచ్‌లు ఈ మూడింటిలోనూ తప్పుతాయి. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌వి గానీ, మీ గన్ మోడల్‌కు సరిగ్గా కుట్టిన మందపాటి తోలువి గానీ తీసుకోండి. అన్ని గన్‌లకూ పట్టేదని అమ్మేది ఏ గన్‌కూ సరిగ్గా పట్టదు.

బెల్టు మామూలుది సరిపోతుందా?

సరిపోదు. నడుం నొప్పి అని వచ్చినవాళ్లలో సగం మందికి నేను మార్పించింది గన్ పెట్టే చోటు కాదు, బెల్టు. ఒకటిన్నర అంగుళం వెడల్పు, రెండు పొరల తోలు, చేత్తో అడ్డంగా మడిచినా తేలిగ్గా వంగనంత గట్టిది కావాలి. పెద్ద షాపులోనే కొననక్కర్లేదు, చెప్పులు కుట్టే పనిమంతుడు రెండు పొరలు పెట్టి కుట్టినా చక్కగా పనిచేస్తుంది. ప్యాంటు లోపల పెట్టుకునేవాళ్లు నడుం కొలత ఒకటి రెండు అంగుళాలు వదులుగా కుట్టించుకోండి.

తుంటి మీద, ముందర, వీపు వెనకాల: ఒక్కోదాని సంగతి ఏమిటి?

తుంటి గురించి ముందే చెప్పాను. ఎముక వెనకాల చిన్న పల్లం ఉంటుంది, గన్ పిడి అందులో ఒదుగుతుంది. పిడి పైభాగాన్ని కొంచెం ముందుకు వంచి పెడితే చొక్కా మీద బుడిపె కనపడదు. దీని లోపం ఒక్కటే, వంగినప్పుడు వెనక పిడి పైకి తేలుతుంది. నడుం వంచకుండా మోకాళ్లు వంచి కిందికి దిగడం అలవాటు చేసుకుంటే అదీ పోతుంది.

పొట్ట ముందర, బొడ్డుకు కుడి పక్కన పెట్టుకోవడం అమెరికాలో ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. వీడియోల్లో చూసి కుర్రాళ్లు అదే కావాలంటారు. నిజమే, చేతికి త్వరగా అందుతుంది, జనంలో రెండు చేతుల మధ్య భద్రంగా ఉంటుంది. కానీ గన్ మూతి గజ్జల వైపు, తొడలోని పెద్ద రక్తనాళం వైపు చూస్తూ ఉంటుంది. అక్కడ తూటా తగిలితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆ చోటు ఎంచుకున్నవాళ్లు గన్‌ను హోల్‌స్టర్‌లోకి దించేటప్పుడు నడుం ముందుకు నెట్టి, పైభాగం వెనక్కి వాల్చి, కళ్లతో చూస్తూ, నెమ్మదిగా దించడం నేర్చుకోవాలి. మన జీవితంలో ఇంకో ఇబ్బంది ఉంది. మనం నేలమీద కూర్చుంటాం. బంతిలో కూర్చుని భోజనం చేస్తాం, చావడి అరుగు మీద బాసింపట్టు వేసి గంటల తరబడి మాట్లాడతాం. కొంచెం బొజ్జ ఉన్న మనిషికి ముందర పెట్టిన గన్ పక్కటెముకల్లోకి పొడుచుకొస్తుంది. పొడుచుకొచ్చినదాని మీదకు చెయ్యి పోతుంది. మళ్లీ మొదటికే వచ్చాం.

వీపు మధ్యలో, వెన్నుపూస మీద మాత్రం ఎవ్వరూ పెట్టుకోవద్దు. ఇది నా ఒంటితో నేర్చుకున్న సంగతి. సర్వీసు కొత్తలో సివిల్ డ్రెస్సులో పోతున్నాను, పిస్టల్ వెనకాల దోపాను. నకిరేకల్ దాటాక వానకు తడిసిన రోడ్డు మీద బండి జారి వెల్లకిలా పడ్డాను. దెబ్బ రోడ్డుది కాదు, పిస్టల్‌ది. నెలన్నర పాటు వంగి చెప్పు తొడుక్కోలేకపోయాను. ఒక అంగుళం అటో ఇటో అయి ఉంటే కాళ్లు పడిపోయేవని డాక్టరు అన్నాడు. నొప్పి సంగతి అటుంచినా, వెనక ఉన్నది మీకు కనపడదు, వెనక నిలబడ్డవాడికి కనపడుతుంది.

చంక కింద కట్టుకునేది, చీలమండకు కట్టుకునేది, జేబులో వేసుకునేది?

చంక హోల్‌స్టర్‌కు పైన కోటు ఉండాలి. మే నెలలో నల్లగొండలో కోటు వేసుకుని తిరిగే మనిషిని అందరూ ఆగి చూస్తారు. అడ్డంగా పడుకోబెట్టే రకంలో మూతి మీ వెనక ఉన్నవాళ్ల వైపు చూస్తుంది, ఆర్టీసీ బస్సులో అది ఎవరి మొహమో ఆలోచించండి.

చీలమండ మనకు కుదరదు. చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్లే దేశం మనది.

జేబు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే లాల్చీ జేబులో వేసుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. ఒక పెళ్లిలో నా కళ్ల ముందే ఒకాయన పెద్దావిడ కాళ్లకు దండం పెట్టడానికి వంగాడు. లాల్చీ జేబులోంచి రివాల్వర్ జారి సిమెంటు నేల మీద టక్కున పడింది. పేలలేదు. ఆ చుట్టూ ఆడుకుంటున్న పిల్లలు ఏడెనిమిది మంది ఉన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లాల్చీ, చొక్కా జేబుల్లో ఎప్పుడూ వద్దు. ప్యాంటు ముందు జేబులో చిన్న రివాల్వర్ అయితే, జేబు కోసమే చేసిన హోల్‌స్టర్‌లో, ఆ జేబులో వేరే ఏ వస్తువూ లేకుండా పెట్టుకోవచ్చు. అది కూడా నిలబడి చేసే పనులకే పనికొస్తుంది, కూర్చుంటే చేతికి అందదు.

ఏ గన్ అయితే తేలిగ్గా ఉంటుంది?

9 ఎం.ఎం. మామూలు పౌరులకు ఇవ్వరు, అది నిషిద్ధ బోర్ (బోర్ అంటే గన్ గొట్టం లోపలి కొలత). అందుకే మన దగ్గర ఎక్కువగా కనపడేది .32 బోర్. కాన్పూర్‌లో తయారయ్యే మామూలు .32 రివాల్వర్ ముప్పావు కిలో దాకా తూగుతుంది. 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ సుమారు అరకిలో. ఆ పావుకిలో తేడా చేతిలో తెలియదు, సాయంత్రానికి నడుముకు తెలుస్తుంది. రివాల్వర్ సిలిండర్ (తూటాలు నింపే గుండ్రటి భాగం) లావు, అది ఎముక మీద కూర్చోకుండా పల్లంలో కూర్చునేలా సర్దాలి. పిస్టల్ పలచన, కానీ పిడి పొడవైతే చొక్కాను పొడుస్తుంది. కొనే ముందే ఖాళీ గన్‌ను నడుముకు పెట్టి కూర్చుని, లేచి, వంగి చూడనివ్వమని డీలరును అడగండి.

చాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో) రౌండ్, అంటే తూటా, పెట్టుకుని తిరగాలా, ఖాళీగానా?

వేరే దేశాల్లో ట్రైనర్లు పెట్టుకునే తిరగమంటారు, క్షణం ఆలస్యమైనా ప్రాణం పోతుందని వాళ్ల వాదన. నేను మాత్రం మన పౌరులకు ఖాళీగానే ఉంచమంటాను. ఏడాదికి పది రౌండ్లు కూడా ప్రాక్టీసు చేయని చేతికి ఆ క్షణం వల్ల కలిగే లాభం తక్కువ, నష్టం ఎక్కువ.

పాత రివాల్వర్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. తాతల నాటి కొన్ని మోడళ్లలో హేమర్‌కు (తూటాను వెనక నుంచి కొట్టి పేల్చే సుత్తి లాంటి భాగానికి) అడ్డుగా లోపల రక్షణ ముక్క ఉండదు. అలాంటి గన్ హేమర్ మీద పడితే దానికదే పేలవచ్చు. ఆరు రౌండ్ల సిలిండర్‌లో ఐదు మాత్రమే నింపి, హేమర్ కింద ఖాళీ గది ఉంచండి. మీ గన్‌లో ఆ ముక్క ఉందో లేదో లైసెన్సు ఉన్న ఆర్మరర్‌కు చూపించండి, ఇంట్లో స్క్రూడ్రైవర్ పెట్టి విప్పకండి.

బైక్ మీద, కారులో, ట్రాక్టర్ మీద?

బైక్ మీద ముందుకు వంగుతాం, చొక్కా గాలికి లేస్తుంది. వెనక భార్యో పిల్లలో కూర్చుంటే వాళ్ల చేతులు సరిగ్గా మీ నడుం మీదే పడతాయి. పిల్లలను ఎక్కించుకునే రోజు గన్ ఇంట్లో తాళం వేసి పెట్టి పోండి. ఒంటరిగా పోతే పొడవు చొక్కా, దాని మీద కిందిదాకా గుండీలు పెట్టిన పలచటి జాకెట్టు చాలు.

కారులో సీటు బెల్టు బకిల్ డ్రైవరుకు ఎడమ పక్కన పడుతుంది కాబట్టి కుడి తుంటికి అడ్డం రాదు. గన్ తీసి సీటు కింద, గేరు దగ్గర, డాష్‌బోర్డులో పెట్టడం మాత్రం మానండి. బ్రేకు వేస్తే అది పెడళ్ల కిందికి పోతుంది. బండి సర్వీసింగుకు ఇచ్చినప్పుడు లోపల మరిచిపోయినవాళ్లు కూడా ఉన్నారు. విజయవాడ హైవే మీద ధాబా దగ్గర ఆగినప్పుడు కారులో వదిలి టీ తాగడానికి దిగితే ఆ గన్ మీ అదుపులో లేనట్టే.

ట్రాక్టర్ మీద వద్దు. దుమ్ము, కుదుపు, రెండూ గన్‌కు శత్రువులే.

అడగడానికి మొహమాటంగా ఉంది సార్, టాయిలెట్‌కు పోయినప్పుడు?

మొహమాటం వద్దు, అందరికీ ఉండే అవసరమే. తీసి కిటికీ గూట్లోనో, కుళాయి మీదో పెట్టి మరిచి రావడం ప్రపంచమంతా జరిగే పొరపాటు. హోల్‌స్టర్‌లోంచి గన్ తీయకండి. మన టాయిలెట్‌లో గొంతుకూర్చోవాలి, బెల్టు వదులు చేయగానే బరువుకు హోల్‌స్టర్ తలకిందులవుతుంది. హోల్‌స్టర్‌తో సహా మొత్తం బెల్టు నుంచి విడదీసి, మెడలో అడ్డంగా వేసుకున్న చిన్న జిప్ సంచిలో పెట్టుకోండి. లేవగానే మొదట హోల్‌స్టర్, తర్వాతే చేతులు కడుక్కోవడం. ఈ వరుస తప్పొద్దు. సంచి లేకపోతే మోకాళ్ల మధ్య బెల్టు బిగించి పట్టుకోవాలి, కష్టమే. అన్నిటికన్నా ఇంట్లో ముగించుకుని బయల్దేరడం మేలు.

ఎండాకాలం ఒళ్లంతా చెమట. ఒరుపు, తుప్పు?

44 డిగ్రీల ఎండలో తోలు హోల్‌స్టర్ చెమట తాగుతుంది, ఆ ఉప్పు గన్ ఉక్కును తింటుంది. లోపల మెత్తటి కాటన్ బనీను వేసుకోండి, హోల్‌స్టర్ దాని మీద ఆనాలి, చర్మం మీద కాదు. రాత్రి ఇంటికొచ్చాక అన్‌లోడ్ చేసి, ఒంటికి ఆనిన పక్క మొత్తం పొడి గుడ్డతో తుడిచి, ఒక్క చుక్క గన్ ఆయిల్ పలచగా రాయండి. ఒక్క చుక్కే. కొబ్బరి నూనె రాసినవాళ్లను చూశాను, అది బంకలా గడ్డకడుతుంది. గన్‌ను రాత్రంతా తోలు హోల్‌స్టర్‌లో ఉంచకండి. చర్మం ఎర్రబడితే పుండు పడేదాకా ఆగకుండా రెండు రోజులు మానేయండి.

నేను చీర కట్టుకుంటాను. బెల్టు లేదు, మరి ఎలా?

అమ్మా, నిజాయితీగా చెబుతాను. హోల్‌స్టర్లన్నీ ప్యాంటు, బెల్టు వేసుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే. లంగా బొందు అరకిలో బరువు ఆపలేదు, ఆపినా నడుం కోసేస్తుంది. రెండు మార్గాలున్నాయి. ఒకటి, నడుం చుట్టూ కట్టుకునే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ. దాని లోపల ట్రిగ్గర్‌ను కప్పే గట్టి తొడుగు తప్పనిసరిగా ఉండాలి. పంజాబీ డ్రెస్సు మీద బాగా కుదురుతుంది, చీర మీద తీయడం కష్టం. రెండోది, గన్‌కు విడిగా అర ఉన్న హ్యాండ్‌బ్యాగు. ఆ అరలో లోపల కుట్టిన హోల్‌స్టర్ ఉండాలి. పెన్ను, తాళాలు, పిన్నులు ఏవీ అందులో పడకూడదు. పట్టీ ఒంటికి అడ్డంగా వేసుకోవాలి, బ్యాంకులోనో చుట్టాల ఇంట్లోనో కుర్చీకి తగిలించకూడదు. సంచి లాక్కునేవాడు వస్తే సంచితో పాటు గన్ కూడా పోతుంది, మనవడు చాక్లెట్ కోసం వెతికేదీ ఆ సంచిలోనే. ఈ రెండూ గుర్తుపెట్టుకుని ఎంచుకోండి.

పెళ్లికి, గుడికి పెట్టుకుని పోవచ్చా?

వద్దు. తాగే చోటికి అసలే వద్దు. బరాత్‌లో గాల్లోకి కాల్చడం 2019 సవరణ తర్వాత ప్రత్యేకంగా నేరం, 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట కిందికి రాక తప్పదు.

ఇంటికొచ్చాక?

హోల్‌స్టర్‌తో సహా తీయండి. మూతి గోడ వైపు పెట్టి, అన్‌లోడ్ చేసి, చాంబర్ కంటితో చూసి, వేలితో తడిమి, గన్ ఒక తాళంలో, రౌండ్లు వేరే తాళంలో పెట్టండి. దిండు కింద, బీరువాలో చీరల మధ్య పెడితే దాచినట్టు కాదు. ఇంట్లో ఏది ఎక్కడుందో పిల్లలకు మనకన్నా బాగా తెలుసు.

ఇంకొక మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. ఇంట్లో ఎవరైనా అప్పులతోనో, దిగులుతోనో, తాగుడుతోనో కుంగిపోయి ఉంటే, ఆ మనిషి మీరే అయినా సరే, గన్‌ను ఆ రోజే పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయండి. దానికి చట్టం ఒప్పుకుంటుంది. ఎవరూ తక్కువగా చూడరు. మనసు కుదుటపడ్డాక తెచ్చుకోవచ్చు. ఆ పని చేసి నిలబడిన కుటుంబం నాకు తెలుసు.

ఎన్నికలప్పుడు?

డిపాజిట్ చేయమని నోటీసు వస్తే చేసేయండి, రసీదు జాగ్రత్త.

కొత్త చోటు కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

వారం రోజులు ఇంట్లోనే, పూర్తిగా ఖాళీ గన్‌తో తిరగండి. రౌండ్లు వేరే గదిలో ఉండాలి, ఖాళీ అని ఇంకొకరు కూడా చూడాలి. నేలమీద కూర్చుని తినండి, మంచం మీద నడుం వాల్చండి, మెట్లెక్కండి, బకెట్ ఎత్తండి. చెయ్యి దాని మీదకు పోయిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టండి. మొదటి రోజు ఇరవై గీతలు పడతాయి. వారం చివరికి రెండు మూడుకు రాకపోతే హోల్‌స్టర్ వంపు మార్చండి, అర అంగుళం వెనక్కి జరపండి, మళ్లీ మొదలుపెట్టండి. కుదిరాక మాత్రం మార్చకండి. ఈ రోజు తుంటి మీద, రేపు పొట్ట ముందర అంటే కంగారులో చెయ్యి ఎక్కడికి పోవాలో దానికే తెలియదు.

హోల్‌స్టర్ ఎన్నాళ్లకు మార్చాలి?

లెక్క ఏళ్లలో లేదు. నెలకోసారి ఖాళీ హోల్‌స్టర్‌ను వెలుగులో పెట్టి నోరు చూడండి. తోలు మెత్తబడి అంచు లోపలికి మడత పడుతుంటే, గన్ దించేటప్పుడు ఆ మడతే ట్రిగ్గర్‌ను నొక్కుతుంది. అలాంటి హోల్‌స్టర్‌ను ఎవరికీ ఇవ్వకండి, కత్తెరతో కోసి పారేయండి. ప్లాస్టిక్ రకమైతే క్లిప్పు దగ్గర చీలిక వచ్చిందేమో, స్క్రూలు వదులయ్యాయేమో చూసి బిగించండి.